శూన్యం అంటే ఏమీ లేకపోవడమా? బౌద్ధుల మాటకు మన సున్న చెప్పే అర్థం

ఆషాఢం, భాద్రపదం, పుష్యం. ఈ మూడింటినీ మన పంచాంగాలు శూన్యమాసాలంటాయి. ఆషాఢం రాగానే తిరుపతిలో కల్యాణ మండపాల గేట్లు మూతపడతాయి. కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపి గోడవార నిలబెట్టి ఉంటాయి. మేళంవాళ్ళు ఇళ్ళ దగ్గరే ఉంటారు, వంటవాళ్ళు ఊళ్ళకు వెళతారు, వాచ్‌మన్ మధ్యాహ్నమే వరండాలో చాప పరుస్తాడు. మండపం శూన్యం. అయితే ఆ నెలలో తిథులేవీ తప్పిపోవు, కరెంటు బిల్లూ రాక మానదు. భాద్రపదం సంగతి ఇంకా విచిత్రం. అదీ శూన్యమాసమే, కానీ వినాయక చవితి వచ్చేది ఆ నెలలోనే. చిత్తూరు దగ్గరి కాణిపాకంలో ఆ రోజు మొదలై 21 రోజులు బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. శూన్యమాసంలో కాణిపాకం వీధుల్లో కాలు పెట్టడానికి చోటుండదు.

మన వాడుకలోనే ఉంది కిటుకు. శూన్యం అన్నంత మాత్రాన ఏమీ లేదని కాదు, ఫలానాది లేదని. శూన్యమాసంలో లేనివి పెళ్ళిలాంటి శుభకార్యాల ముహూర్తాలు మాత్రమే.

ఇప్పుడు ఈ మాట ఎందుకంటే, పొద్దున లేచి ఫోను తెరిస్తే చాలు, కళ్ళు మూసుకున్న బుద్ధుడి బొమ్మ, కింద ‘అంతా శూన్యం, అన్నీ వదిలెయ్’ అన్న అక్షరాలు. పంపినవారికి మంచి ఉద్దేశమే ఉంటుంది. కానీ అందుకున్నవారికి చిక్కు. అంతా శూన్యమైతే ఇంటి అప్పు ఎందుకు కట్టాలి? అన్నీ వదిలేస్తే పిల్లల్నీ వదిలేయాలా? మా వీధిలో భర్తను పోగొట్టుకున్న పెద్దావిడ ఒకరున్నారు. పరామర్శకు వచ్చిన కుర్రవాడొకడు ‘అంతా శూన్యమే అమ్మా, బుద్ధుడే చెప్పాడు’ అన్నాడు. ‘బుద్ధుడు చెప్పాలా నాయనా, ఇల్లంతా శూన్యంగానే ఉంది కదా’ అందావిడ. వాడు తల దించుకున్నాడు. ఇద్దరూ వాడింది ఒకే మాట, అర్థాలకు మాత్రం పొంతన లేదు. ఆ పొంతన లేనిచోటే ఈ వ్యాసం పని.

మిగారమాత మేడలో ఏనుగులు లేవు

పాళీ గ్రంథాల్లో చూళసుఞ్ఞత సుత్తం అని ఒకటుంది. చిన్న శూన్యతా సూత్రం అని అర్థం. అందులో బుద్ధుడు శ్రావస్తిలో తాను ఉంటున్న మిగారమాత మేడనే శిష్యుడు ఆనందుడికి ఉదాహరణగా చూపిస్తాడు. ఈ మేడలో ఏనుగులు లేవు, ఆవులు లేవు, గుర్రాలు లేవు, బంగారం వెండి లేవు. వాటికి ఇది శూన్యం. భిక్షు సంఘం మాత్రం ఉంది, దానికి శూన్యం కాదు. లేనిదాన్ని లేదని చూడు, మిగిలినదాన్ని ఉందని తెలుసుకో అంటాడు.

మన కల్యాణ మండపం లెక్కే ఇది. ‘శూన్యం’ అన్న మాట వినపడిన ప్రతిచోటా ‘దేనికి శూన్యం?’ అని ఎదురు ప్రశ్న వేయాలి. బౌద్ధంలో తర్వాత వెయ్యేళ్ళకు పైగా శూన్యత మీద సాగిన వాదాలన్నీ ఈ ఒక్క ప్రశ్నకు వేర్వేరు జవాబులు.

మొదటి జవాబు: ‘నేను’కు, ‘నాది’కి శూన్యం

‘లోకం శూన్యం అంటారే, ఏ అర్థంలో?’ అని ఆనందుడు అడిగినట్టు మరో సుత్తంలో ఉంది. ఆత్మకూ, ఆత్మకు చెందినదానికీ శూన్యం కాబట్టి లోకం శూన్యం అన్నది బుద్ధుడి జవాబు. కన్ను ఉంది, రూపం ఉంది, చూపు ఉంది. వాటిలో ‘ఇది నేను’, ‘ఇది నాది’ అని ముద్ర వేయదగింది మాత్రం వెతికితే దొరకదు.

మనిషిని బౌద్ధులు ఐదు రాశులుగా విడదీస్తారు. రూపం అంటే శరీరం. వేదన అంటే సుఖం, దుఃఖం, రెండూ కాని అనుభవం. తెలుగులో వేదన అంటే బాధ మాత్రమే, ఇక్కడ అలా కాదు. సంజ్ఞ అంటే గుర్తుపట్టడం. సంస్కారాలు అంటే అలవాట్లు, సంకల్పాలు. విజ్ఞానం అంటే ఎరుక. వీటినే పంచ స్కంధాలంటారు. ఐదూ క్షణక్షణం మారేవే. వీటి వెనక కూర్చుని మారకుండా చూసే యజమాని ఎవరూ లేరన్నది బౌద్ధుల అనాత్మవాదం.

పుస్తకంలో చదివితే పొడిగా ఉంటుంది కానీ, తిరుమల కల్యాణకట్టలో పది నిమిషాలు నిలబడితే ఇది కళ్ళముందే జరుగుతుంది. ముప్పై ఏళ్ళ మనిషి వస్తాడు. కొండెక్కే ముందు ఏదో అద్దంలో చూసుకుని పాపిడి తీసుకున్నవాడే. తల తడుపుకుని కూర్చుంటాడు, క్షురకుడు కత్తి నడుపుతాడు, మొదటి పాయ తొడ మీద పడుతుంది. వెంటనే ఆ మనిషి చేతి వెనకవైపుతో దాన్ని దులిపేస్తాడు. ఒంటికి అంటుకున్న చెత్తను దులిపినట్టు. రెండు నిమిషాల కిందట అది ‘నా జుట్టు’, ఎవరైనా పట్టి లాగితే తగువు. ఇప్పుడు అదే ‘వెంట్రుకలు’, లేచేటప్పుడు కాలికి తగలకుండా చూసుకుంటాడు.

వెంట్రుకలో ఏం మారింది? రంగు, పొడవు, తల మీద పూసుకున్న నూనె వాసన అన్నీ అలాగే ఉన్నాయి. పోయింది ‘నాది’ ఒక్కటే. అది వెంట్రుకలో ఉండి ఉంటే వెంట్రుకతోనే పోవాలి. తలలో ఉండి ఉంటే ఇంకా అక్కడే ఉండాలి. తలకూ వెంట్రుకకూ అతుకు ఉన్నంతసేపు కనిపించి, అతుకు తెగగానే కనపడకుండా పోయింది. బౌద్ధుడు చూడమనేది ఇదే. జుట్టు అబద్ధమని ఆయన అనడు. జుట్టు జుట్టే, ‘నాది’ అన్నది దాని ఒంటి మీద లేదంటాడు. (ఆ జుట్టు స్వామికి సమర్పించినది కదా, ఇప్పుడు స్వామిది కాదా అని భక్తుడు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న, దాని దగ్గరకు వస్తాను.)

నాగార్జునుడు వేసిన మెలిక

సుమారు క్రీస్తు శకం 2వ శతాబ్దం నాటి నాగార్జునుడు ఈ విచారణను మనిషి దగ్గర ఆపలేదు. ఆయన దక్షిణాదివాడని, శాతవాహన రాజుకు మిత్రుడని సంప్రదాయం. పల్నాటి నాగార్జునకొండకూ ఆయనకూ ఉన్న ముడి ఎంత గట్టిదన్న విషయంలో పరిశోధకులకు ఏకాభిప్రాయం లేదు. తెలుగువాళ్ళం మాత్రం ఆయన్ని మనవాడిగానే చెప్పుకుంటాం.

27 ప్రకరణాల మూలమధ్యమకకారిక అన్న గ్రంథంలో ఆయన అన్నది: మనిషే కాదు, ఏ వస్తువైనా, ఏ భావమైనా శూన్యమే. దేనికి శూన్యం? స్వభావానికి. ఇక్కడ తెలుగు పాఠకుడు ఒక్క క్షణం ఆగాలి. ‘వాడి స్వభావం మంచిది’ అన్నప్పుడు మనకు గుణం అని అర్థం. నాగార్జునుడి స్వభావం వేరు. అది ఎవరూ చేయనిదీ, మరి దేని మీదా ఆధారపడనిదీ అని 15వ ప్రకరణంలో ఆయనే నిర్వచించాడు. తనంతట తానుగా, సొంత కాళ్ళ మీద ఉండటమన్నమాట. అటువంటి ఉనికి దేనికీ లేదన్నదే శూన్యత.

దీనికి మన వర్ణమాలలోనే చక్కని ఉదాహరణ ఉంది. తిరుపతి బస్సు బోర్డు మీద ‘మంగళం’ అని ఊరి పేరు చూడండి. అందులో రెండు సున్నలున్నాయి. మొదటి సున్న ‘గ’ ముందు ఉంది కాబట్టి గొంతు దగ్గర, ముక్కుతో పలుకుతుంది. చివరి సున్న ‘మ్’ అని పెదవులు మూయిస్తుంది. ఒకే మాటలో ఒకే గుర్తు, రెండు శబ్దాలు. ‘పంట’లో సున్న ‘ణ్’, ‘పందిరి’లో ‘న్’, ‘పంపు’లో ‘మ్’. ఇక సున్న సొంత శబ్దం ఏది? పక్కన ఏ అక్షరమూ లేకుండా సున్నను ఒక్కదాన్నే రాసి చదవమంటే ఏమని చదువుతాం? దానికి తనదంటూ శబ్దం లేదు, పక్కవాడిని బట్టే దాని పలుకు.

అలాగని సున్న వృథానా? తీసేయండి, ‘పంట’ ‘పట’ అయిపోతుంది. రైతు ఇంటికి రావలసింది సాలెవాడి ఇంటికి పోతుంది. సున్న పని చేస్తోంది, అర్థం ఇస్తోంది. సొంత శబ్దం లేకపోవడం దానికి లోపం కాదు, లేదు కాబట్టే ఎక్కడ పెడితే అక్కడ ఒదిగి పలుకుతోంది. ‘సున్న’ అన్న తెలుగు మాట ‘శూన్య’కు ప్రాకృత రూపం నుంచి వచ్చిందే. పేరు పెట్టినవాడికి నాగార్జునుడు తెలిసి ఉండనక్కరలేదు, పేరు మాత్రం అతికింది.

నాగార్జునుడి ప్రసిద్ధ కారిక (శ్లోకం) ఇది: ‘యః ప్రతీత్యసముత్పాదః శూన్యతాం తాం ప్రచక్ష్మహే’. కారణాలను, సందర్భాన్ని ఆశ్రయించి పుట్టడాన్ని ప్రతీత్యసముత్పాదం అంటారు. ‘దానినే మేము శూన్యత అంటున్నాం’ అని ఆయన మాట. ఆధారపడి ఉండటం, శూన్యంగా ఉండటం ఒకే నాణేనికి రెండు పేర్లు.

అన్నీ శూన్యమైతే ధర్మం లేదు, సంఘం లేదు, దుఃఖ నివారణ లేదు, నీ మతమే కూలిపోదా అని ఎదుటి పక్షం అడిగినట్టు 24వ ప్రకరణంలో ఉంది. ఆయన దాన్ని తిరగేసి కొట్టాడు. శూన్యం కాకపోతేనే అవన్నీ కూలుతాయన్నాడు. చిత్తూరు మామిడి తోటలో మే నెలలో కోసిన పచ్చి తోతాపురి కాయను తీసుకోండి. ఆ పులుపు దాని స్వభావమే అయితే, దేని మీదా ఆధారపడనిదైతే, కావులో వేసినా పండకూడదు. ఎండ, గాలి, రోజులు దాన్ని ఏమీ చేయలేకపోవాలి. పండుతోందంటే పులుపు పరాధీనం. దుఃఖమూ అంతే. అది స్వభావసిద్ధమైతే బుద్ధుడు వచ్చినా తీర్చలేడు. పరాధీనం కాబట్టే తీరే దారి ఉంది.

ప్రసాదం అబద్ధమా?

ఇక్కడికి వచ్చేసరికి ఒక అనుమానం. ఏదీ సొంతంగా లేకపోతే మనం చూస్తున్నదంతా భ్రమేనా?

కొండ దిగి లడ్డూ తెచ్చారనుకోండి. శనగపిండి బూందీ, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, ఎండుద్రాక్ష, కలకండ, యాలకులు. వీటిలో లడ్డూ ఏది? ఏ ఒక్కటీ కాదు. అన్నీ పక్కపక్కన పళ్ళెంలో పోస్తే? అదీ కాదు. గుండ్రని ఆకారమా? మట్టితోనూ గుండ్రంగా చేయవచ్చు. ఇవన్నీ తీసేశాక విడిగా మిగిలేదా? ఏమీ మిగలదు. నాగార్జునుడికి వ్యాఖ్య రాసిన 7వ శతాబ్దపు చంద్రకీర్తి రథాన్ని ఇలాగే ఏడు వైపుల నుంచి వెతికి, ఎక్కడా దొరకదని తేల్చాడు. ఆయనకంటే ముందే నాగసేన భిక్షువు మిలింద మహారాజుతో ఇదే రథం మాట మాట్లాడాడు.

కానీ లడ్డూకు రథానికి లేని మరో అంతస్తు ఉంది. పోటులో, అంటే ఆలయ వంటశాలలో కట్టినప్పుడు అది మిఠాయి. నైవేద్యం అయ్యాక ప్రసాదం. ప్రయోగశాలకు పంపితే ఆ తేడా ఏ పరికరానికీ చిక్కదు. అయినా ఊరికి తెచ్చాక చిదిపి, కాగితంలో పెట్టి ఇరుగుపొరుగుకు పంచుతాం. చిటికెడు పొడి అరచేతిలో పడితే కళ్ళకు అద్దుకుంటారు. ‘లడ్డూలో ఇరవయ్యో వంతు’ అని ఎవరూ అనరు, ఆ చిటికెడూ నిండు ప్రసాదమే. నేల మీద రాలితే వంగి ఏరుకుంటారు. అది అబద్ధమని ఈ ఊళ్ళో ఎవరితో అన్నా ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సరి.

నాగార్జునుడూ అనడు. ఆయన రెండు సత్యాలు చెప్పాడు. లోకవ్యవహారంలో నిలిచేది సంవృతి సత్యం. లోతుగా వెతికితే స్వభావం దొరకకపోవడం పరమార్థ సత్యం. వ్యవహారాన్ని ఆశ్రయించకుండా పరమార్థాన్ని బోధించడం సాధ్యం కాదని కూడా ఆయనే రాశాడు. 2016 నవంబరు 8 అర్ధరాత్రి 500, 1000 రూపాయల నోట్లకు ఏమైందో అందరికీ గుర్తే. కాగితం మారలేదు, సిరా మారలేదు, ఒప్పందం మారింది. విలువ నోటులో లేదని ఆ రాత్రి తెలిసింది. అలాగని మర్నాడు వరుసల్లో నిలబడ్డవారి కాళ్ళ నొప్పులు భ్రమ కావు.

ఉన్నదంతా శాశ్వతంగా ఉందనడం ఒక కొస, అసలేమీ లేదనడం మరో కొస. మొదటిది శాశ్వతవాదం, రెండోది ఉచ్ఛేదవాదం. ఈ రెండింటికీ పోని దారి కాబట్టి నాగార్జునుడి పక్షానికి మాధ్యమికం అని పేరు.

వదలాల్సింది వస్తువునా, పట్టునా?

పట్టును బౌద్ధులు ఉపాదానం అంటారు. తెలుగులో ఉపాదానం అంటే ఇంటింటా బియ్యం అడిగి తెచ్చుకోవడం అని పాత వాడుక. తర్కంలో కుండకు మట్టి ఉపాదాన కారణం. పాళీలో దీనికి ఇంధనం అనే అర్థం కూడా ఉంది. మంట కట్టెను పట్టుకుంటుంది, కట్టె ఉన్నంతసేపు మండుతుంది. కట్టె అందకపోతే ఆరుతుంది. నిర్వాణం అన్న మాటకు అసలు అర్థం ఆ ఆరడమే.

దుఃఖం పుట్టే పన్నెండు కారణాల గొలుసును ద్వాదశ నిదానాలంటారు. అందులో వరుస చూడండి: స్పర్శ, దాని నుంచి వేదన, వేదన నుంచి తృష్ణ, తృష్ణ నుంచి ఉపాదానం. వేదన ఆగదు, ఆపనక్కరలేదు. వేదనకూ తృష్ణకూ మధ్య ఉన్న సందులోనే బౌద్ధ సాధన అంతా.

ఒక రైతును ఊహించుకుందాం. బంగారుపాళ్యం పక్కన నాలుగెకరాల తోతాపురి తోట. కాపు బాగా వచ్చింది, అందరికీ బాగా వచ్చింది, ధర పడిపోయింది. కోత కూలీ కూడా గిట్టదు. ఆ నొప్పి నిజం. బుద్ధుడు దీన్ని మొదటి బాణం అంటాడు. ఆ రాత్రి ఆ రైతు పడుకుని, ‘తాతల తోట నా చేతిలో పాడైంది, ఊళ్ళో నా పరువు పోయింది, నేనెందుకూ పనికిరాను’ అని తెల్లారేదాకా లెక్కపెట్టుకుంటాడు. అది రెండో బాణం, మనకు మనమే వేసుకునేది. తోట ధర పడితే ‘నేను’ ధర పడిపోయిందనుకోవడం ఉపాదానం. తోటను అమ్మేయడం దానికి మందు కాదు. అమ్మేసి ఇరవయ్యేళ్ళయినా ఆ దారిన బస్సులో పోతూ కిటికీ నుంచి చూసి నిట్టూర్చేవారిని ఎంతమందిని చూడలేదు! తోట పోయింది, పట్టు పోలేదు.

దీన్ని వాడుకుని ‘ధర గురించి గొడవ చేయకు, అంతా శూన్యం’ అని రైతుకు చెప్పడం మాత్రం మోసం. ధర దేని మీద ఆధారపడింది, గుజ్జు పరిశ్రమ ఎంత కొంటోంది, నిల్వలెన్ని, ఎగుమతి ఎందుకు తగ్గింది అని కారణాల వెంట పోవడమే ప్రతీత్యసముత్పాదానికి తగిన పని. ధర దైవలిఖితం అని చేతులు ముడుచుకోవడం దానికి విరుద్ధం.

ఉపాదానాలు నాలుగంటారు: భోగాల మీద, అభిప్రాయాల మీద, ఆచారాల మీద, ‘నేను’ అనే సిద్ధాంతం మీద. మొదటిదాన్ని అందరూ గుర్తిస్తారు. రెండోదే గడుసుది. సిగరెట్టు మానినవాడు దొరుకుతాడు, వాదంలో తప్పు ఒప్పుకున్నవాడు దొరకడు. తృష్ణ కూడా మూడు రకాలు, కావాలనుకోవడం, ఏదో అయిపోవాలనుకోవడం, అసలు లేకుండా పోవాలనుకోవడం. ఈ మూడోదాన్ని విభవతృష్ణ అంటారు. ‘నాకేమీ వద్దు, అందరూ పొండి’ అని తలుపు వేసుకున్నవాడిని లోకం విరాగి అనవచ్చు. బౌద్ధుల లెక్కలో అతడు తృష్ణలోనే ఉన్నాడు.

ఒప్పుకోనివారు ఏమన్నారు

మొదటి అభ్యంతరం తార్కికుల నుంచి. అన్నీ శూన్యమైతే ‘అన్నీ శూన్యం’ అన్న నీ మాటా శూన్యమే కదా, అది దేన్ని ఖండిస్తుంది? విగ్రహవ్యావర్తని అన్న గ్రంథంలో నాగార్జునుడు దీనికి జవాబిచ్చాడు. అవును, నా మాటా శూన్యమే. బండి శూన్యమైనా కట్టెలు మోస్తుంది, కుండ శూన్యమైనా నీళ్ళు పడుతుంది, బట్ట శూన్యమైనా చలి ఆపుతుంది. నా మాటా అలాగే తన పని చేస్తుంది. తెలివైన జవాబే. తార్కికులు మాత్రం తృప్తి పడలేదు. ఏ ప్రమాణమూ గట్టిది కానప్పుడు ఈ మాట నిజమని తేల్చేదెవరని వారి పట్టు.

బౌద్ధుల్లోనే యోగాచారులు మరో జవాబిచ్చారు. శూన్యత అంటే చూసేవాడు వేరు, చూడబడేది వేరు అన్న విభజన లేకపోవడం, ఎరుక ప్రవాహం మాత్రం ఉంది. ఆ సంప్రదాయంతో ముడిపడిన తర్కపండితుడు దిఙ్నాగుడు కంచి పక్కన పుట్టాడని టిబెట్ కథనాలు చెబుతాయి. తిరుపతి నుంచి బస్సెక్కితే పూట ప్రయాణం. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ కంచి ప్రాంతంలో వంద దాకా విహారాలు, పదివేలమంది భిక్షువులు ఉన్నారని రాశాడు. ఈ చర్చ మనకు పరాయిదేమీ కాదు, పక్కింట్లో జరిగిందే.

శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో శూన్యవాదాన్ని ఒక్క వాక్యంతో పక్కన పెట్టారు. అది అన్ని ప్రమాణాలకూ విరుద్ధం కాబట్టి ఖండించే శ్రమ కూడా తీసుకోవడం లేదన్నారు. అయితే జగత్తు మిథ్య అన్నందుకు ఆ అద్వైతులనే రామానుజులు శ్రీభాష్యంలో ప్రచ్ఛన్న బౌద్ధులని ఎత్తిపొడిచారు.

రామానుజుల అభ్యంతరం దగ్గర కాసేపు ఆగాలి. మన తిరుపతిలో గోవిందరాజస్వామి ఆలయాన్ని ప్రతిష్ఠించింది ఆయనేనని సంప్రదాయం చెబుతుంది కాబట్టి మాత్రమే కాదు, ఆయన వేలు పెట్టిన చోటు అసలైనది కాబట్టి. ఉంది, లేదు అన్న మాటలు రెండూ ఉన్న వస్తువు స్థితులనే చెబుతాయి, దేనికీ చెందని వట్టి ‘లేదు’ను ఎవరూ చూడలేదన్నారు. కుండ లేదంటే పెంకులున్నాయి. మండపంలో పెళ్ళి లేదంటే మండపం ఉంది. అంటే ‘దేనికి శూన్యం?’ అన్న మన ప్రశ్ననే ఆయన బౌద్ధుల మీదకు తిప్పారు.

మాధ్యమికుడు దీనికి, ‘మేమూ వట్టి లేదు అనడం లేదు, స్వభావం లేదంటున్నాం’ అంటాడు. ఆ మాట నిజమే, రామానుజులు ఖండించిన సర్వనాస్తిత్వం నాగార్జునుడి పక్షం కాదని ఇప్పటి పండితుల్లో చాలామంది అంటారు. కానీ దాంతో తగువు తీరదు. లడ్డూ బూందీ మీద ఆధారపడింది, బూందీ శనగపిండి మీద, అది గింజ మీద, గింజ మట్టి మీద, వాన మీద. ఈ వరుస ఎక్కడైనా ఆగుతుందా? ఆగనక్కరలేదంటాడు నాగార్జునుడు. ఆగకపోతే మొత్తం గాలిలో వేలాడుతుందంటుంది రామానుజుల విశిష్టాద్వైతం. జగత్తంతా పరాధీనమే, అయితే నారాయణుడికి అధీనం. ఆయన శేషి (యజమాని), మనం శేషం (ఆయన సొత్తు), లోకమంతా ఆయన శరీరం. ఆధారపడటం ఇద్దరికీ సమ్మతమే. ఆధారం ఒకటుందా అన్నదే తగువు. నాకు తెలిసినంతలో దీన్ని తర్కంతో తేల్చినవారు లేరు.

ఇప్పుడు కల్యాణకట్ట ప్రశ్నకు రావచ్చు. ‘ఈ జుట్టు నాది కాదు’ అన్నంతవరకు భక్తుడూ బౌద్ధుడూ ఒకే పీట మీద కూర్చుంటారు. ‘నీది స్వామీ’ అంటూ భక్తుడు లేస్తాడు. బౌద్ధుడు ‘ఎవరిదీ కాదు’ అంటాడు. ఒకరికి మమకారం యజమాని మారడంతో కరుగుతుంది, మరొకరికి యాజమాన్యం అన్నదే కరుగుతుంది. గుండు మీద పూసిన చందనం ఇద్దరికీ ఒకేలా చల్లగా ఉంటుంది. అంతమాత్రాన రెండూ ఒకటేననడం మాత్రం ఇద్దరికీ అన్యాయం.

పామును తోకతో పట్టుకుంటే

శూన్యతను తప్పుగా అర్థం చేసుకున్న మందబుద్ధిని అది నాశనం చేస్తుంది, సరిగా పట్టుకోని పాములాగా, సరిగా సాధించని మంత్రంలాగా అని నాగార్జునుడే హెచ్చరించాడు. ఆయనకంటే ముందు బుద్ధుడు తన బోధకే ఈ పాము పోలిక చెప్పాడు. తోక పట్టుకుంటే వెనక్కి తిరిగి కాటేస్తుంది.

ఆ కాటు ఎలా ఉంటుందో మా వీధి పెద్దావిడ విషయంలో చూశాం. ఆవిడ శూన్యం దుఃఖం. నలభై ఏళ్ళు ఎదురుగా ఉన్న కుర్చీ ఖాళీగా ఉంది. అది తత్వం కాదు, దిగులు. నెలల తరబడి అదే కమ్ముకుంటే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళాల్సిన స్థితి. బౌద్ధుల శూన్యత ఆ దిగులుకు పేరూ కాదు, దాన్ని కొట్టివేసే మాటా కాదు. అసలు ఆవిడ దుఃఖమే ప్రతీత్యసముత్పాదానికి సాక్ష్యం. ఇద్దరు మనుషులు ఒకరినొకరు ఆశ్రయించి ఏర్పడ్డారు, ఒకరు పోతే రెండోవారు మునుపటివారుగా మిగలలేదు. విడివిడి స్వభావాలుంటే ఈ బాధే ఉండదు.

ఇంకో రకం కాటు శూన్యతనే ఓ వస్తువుగా పట్టుకోవడం. అన్ని దృష్టుల (సిద్ధాంతాల) నుంచి బయటపడటానికి శూన్యత చెప్పారు, శూన్యతనే దృష్టిగా చేసుకున్నవారు అసాధ్యులు అని మరో కారిక. అసాధ్యం అంటే వైద్యుల మాటలో మందు లేని రోగం. చంద్రకీర్తి దీనికి అంగడి కథ చెప్పాడు. కొనడానికి వచ్చినవాడితో అంగడివాడు ‘నీకివ్వడానికి నా దగ్గర ఏమీ లేదు’ అంటాడు. వాడు ‘సరే, ఆ ఏమీలేనిదాన్నే ఇవ్వు’ అంటాడు.

టిబెట్‌లో ఈ తగువు మళ్ళీ లేచింది. పరమార్థం ఇతరాలకు మాత్రమే శూన్యం, తనకు తాను శూన్యం కాదని 14వ శతాబ్దంలో డోల్పోపా అనే బౌద్ధ పండితుడు వాదించాడు. అది కూడా శూన్యమేనని తర్వాతి తరంలో చోంఖాపా అనే పండితుడి పక్షం. మిగారమాత మేడ దగ్గర వేసిన ప్రశ్న అక్కడా మారలేదు.

పట్టు వదిలినవాడు ఏం చేస్తాడు

పట్టు వదిలితే ప్రేమ కూడా పోతుందా అన్న ప్రశ్నకు తత్వంతో జవాబు చెప్పడం కష్టం. నాగార్జునుడి పేరుతో ఉన్న రత్నావళిని చూపించడం తేలిక. అది రాజుకు రాసిన హితవు. శూన్యత గురించి అంత సూక్ష్మంగా రాసినవాడు రాజ్యం వదిలెయ్యమని చెప్పి ఉంటాడనుకుంటాం. ఆయన రాజుతో సత్రాలు కట్టించమన్నాడు, నీళ్ళు లేని దారుల్లో చలివేంద్రాలు పెట్టించమన్నాడు. అంతటితో ఊరుకోలేదు. నీళ్ళ దగ్గర ఏమేమి ఉంచాలో పేరుపేరునా రాశాడు. చెప్పులు, గొడుగులు, నీళ్ళు వడగట్టే గుడ్డలు, సూదులు, దారం, విసనకర్రలు. బాటసారి కాలిలో ముల్లు దిగితే తీసుకోవడానికి పట్టకారు.

చీమల పుట్టల దగ్గర రోజూ తిండి, నీళ్ళు, బెల్లం, గింజలు పోయించమని కూడా రాశాడు, అదీ నమ్మకమైన మనుషుల చేత. మన ఇళ్ళ ముందు తెల్లవారుజామున బియ్యప్పిండితో ముగ్గు వేస్తూ ‘చీమలు తింటాయి’ అనే అమ్మమ్మలకు ఈ పుస్తకం పేరు తెలియదు.